అలివి వలలో ఒక పాలు

9 జనవరి 1962, మంగళవారం

గెలిచాను.

ఈ ఒక్క మాట రాసి కలం మూసేద్దామనుకున్నాను. ముప్పై ఏళ్ళ పైబడి ప్లీడరీ చేస్తున్నవాడికి ఒక్క మాట దగ్గర ఆగడం చేతనైతే ఇన్నాళ్ళు ఎలా బతుకుతాడు? తీర్పు నకలు చేతికి వచ్చేలోగా నా మాటల్లో నేనే రాసుకుంటాను. నకలులో రసం ఉండదు.

ఇసకతిప్పపాళెంలో ఊరంతటికీ కలిపి ఒకటే అలివి వల. ఇంటికో ముక్క అల్లి తెస్తే అన్నీ కలిపి కుట్టిన వల. పడవలో తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి వస్తారు. రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డున మగవాళ్ళంతా లాగుతారు. పడిన చేపలో ఇంటికో పాలు, అంటే ఒక వాటా. అంకాలమ్మ పెనిమిటి మాల్యాద్రి మొన్నటి కార్తీకం కాక అంతకు ముందు కార్తీకంలో తుఫానుకి పోయాడు. కొన్నాళ్ళు పాలు ఇచ్చారు. తర్వాత, తాడు పట్టే మగవాడు లేని ఇంటికి పాలు లేదు పొమ్మన్నారు. ఆడవాళ్ళు తాడు ముట్టకూడదట. ఆమెకు బిడ్డలు లేరు. ఇంట్లో ఉన్నది తనూ, ముసలి అత్త మస్తానమ్మా.

నా వాదన ఒక్కటే. "మనిషి పోయాడు, ముక్క పోలేదు. ఆ ముక్క ఇవాళ కూడా చేపలు పడుతూనే ఉంది. అందులో పడ్డ చేప ఎవరిది?" మున్సిఫ్‌గారు రాయడం ఆపి నా వైపు చూశారు. అవతలి వకీలు హెబ్రోను మద్రాసులో బి.ఎల్. చదివిన కుర్రవాడు. కట్టుబాటు, ఆచారం అంటూ చాలాసేపు ఇంగ్లీషు మాట్లాడాడు. మంచి ఇంగ్లీషు. ఓడిపోయింది. ఆ వల ఎప్పుడు చేప పట్టినా అందులో ఒక పాలు అంకాలమ్మకు ఇవ్వాలని డిక్రీ అయింది.

హెబ్రోను వచ్చి చెయ్యి కలిపాడు. "సార్, చనిపోయిన మనిషి ముక్క చేపలు పడుతోందని మీరు అనగానే నాకే నా క్లయింటు మీద కోపం వచ్చింది" అన్నాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు.

మెట్ల దగ్గర పాళెం పెద్దకాపు పోలేరయ్య ఎదురయ్యాడు. ఊరికి పెద్ద, దావాలో మొదటి ప్రతివాది. నవ్వుతూ దండం పెట్టాడు. "నోరుండాదయ్యా మీకు! మా ఊరంతా కలిసినా అంత నోరు లేదు. ఆ నోరు ఈ యమ్మికి ఎన్నాళ్ళు తోడుంటదో చూద్దాం."

ఓడినవాడి మాటలు అలాగే ఉంటాయి. లెక్క చేయకూడదు.

అంకాలమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంక నేను ఊళ్ళోకి పోవచ్చునా అయ్యా?" అని అడిగింది. "పోవచ్చునా ఏమిటమ్మా, దర్జాగా పో!" అన్నాను. న్యాయం కోసం నా గుమ్మం వెతుక్కుంటూ వచ్చిన మనిషి. ఉత్త చేతులతో పంపలేదు, అది చాలు నాకు.

10 జనవరి

చెంచులక్ష్మి గారెలు వండింది. కోర్టులో నన్ను చూసి ముగ్గురు లేచి నిలబడ్డారు. అందులో ఒకడు బస్సుకి పోవడానికి లేచాడని మా గుమస్తా ముత్యాలయ్య అంటాడు. వాడికి యాభై ఏళ్ళు వచ్చినా అసూయ పోలేదు.

22 జనవరి, సోమవారం

పొద్దున్నే అంకాలమ్మ వచ్చింది. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నట్టు ఒక్కసారిగా మొదలుపెట్టింది.

"వల ఎండేసినారయ్యా."

"మంచిదేగా. వల ఎండొద్దూ?"

"మీరు గెలిచిన దినం ఎండేసినారు. మళ్ళా దించలా. గుంజలకి ఏలాడతా ఉండాది. ఎవురి తెప్ప వాళ్ళేసుకోని, ఎవురి చిన్న వల వాళ్ళు తీసుకోని పోతా ఉండారు. పెద్ద వల సముద్రంలో దిగితే గదా నా పాలు!"

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

"నా మింద దురాయి ఏసినారు."

దురాయి అంటే ఊరి ఆన. ఆన పడిన మనిషితో ఎవరూ మాట్లాడరు. నిప్పు ఇవ్వరు, ఉప్పు ఇవ్వరు, బావి దగ్గర ఎదురైతే మొహం తిప్పుకుంటారు. ఎవరైనా పలికితే ఆ ఆన వాళ్ళ మీద కూడా పడుతుంది.

"మీ అత్త ఉందిగా?"

"ఆమె గూడా మాట్లాడదు. ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. ఏదన్నా కావాలంటే కోడితో చెబతది. 'ఏమే కోడీ, పులుసులో ఉప్పు చాల్లేదే' అంటది. నేను పోయి ఉప్పేస్తా."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు. లోపలి నుంచి చెంచులక్ష్మి మజ్జిగ తెచ్చి ఆమె పక్కనే కింద కూర్చుంది. ఇద్దరూ చింతపండు ధర గురించీ, ఎండలో ఆరేసిన చేపల్ని కాకులు ఎత్తుకుపోవడం గురించీ మాట్లాడుకున్నారు. పనికొచ్చే మాట ఒక్కటి లేదు. అంకాలమ్మ మాత్రం బిందెలోంచి నీళ్ళు వంపినట్టు మాట్లాడుతూనే ఉంది. పోయేటప్పుడు లేవలేక లేచింది.

ఇది పూర్తిగా చట్టవిరుద్ధం. రేపే డిక్రీ అమలుకు దరఖాస్తు పెడతాను. కోర్టు అమీను వెళ్ళి నిలబడితే అన్నీ చక్కబడతాయి.

31 జనవరి

అమీను పాళెం వెళ్ళి వచ్చాడు. "పోలేరయ్య చాలా మర్యాదస్తుడండీ" అని మొదలుపెట్టాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

పోలేరయ్య డిక్రీని కళ్ళకద్దుకున్నాడట. గుంజల మీద వేలాడుతున్న వల చూపించి, "ఇది చేప పడితే పాలు ఇయ్యాలని గదా రాసినారు? చూడండి సామీ, ఒక్క పరిగె ఉన్నా తీసుకోండి" అన్నాడట. అమీను వల చుట్టూ తిరిగి చూశాడట. ఎండిన నాచు ఉందట.

డిక్రీలో తప్పు లేదు. చేప పట్టినప్పుడు పాలు ఇవ్వాలని ఉంది. చేప పట్టి తీరాలని లేదు. అలా అడగడం ఏ ప్లీడరుకీ తోచదు. ప్రివీ కౌన్సిల్లో వాదించినవాళ్ళకైనా తోచదు.

3 ఫిబ్రవరి, శనివారం

ఎనిమిది గ్రహాలు ఒక చోట చేరుతున్నాయట. లోకం మునిగిపోతుందని ఊరంతా గగ్గోలు. బజారులో హోమం, గుళ్ళో హోమం, నిమ్మకాయల మండీలో కూడా హోమం. నాకున్న క్లయింట్లలో సగం మంది వాయిదాలు వేయించమన్నారు, సోమవారం దాటాక చూసుకుందామని. మిగతా సగం, లోకం పోయేలోగా అవతలివాడి మీద ఒక్క నోటీసైనా పంపమన్నారు.

అంకాలమ్మ ఈ వారం కూడా వచ్చింది. "భయం లేదా అంకాలమ్మా?" అన్నాను. "మునిగితే అందరం మునగతాం గదయ్యా. నన్నొక్కదాన్నే ఒదిలెయ్యరు గదా" అంది.

ఒకవేళ నిజంగానే మునిగితే, నేను ప్లీడరునెలా అయ్యానో ఎక్కడా రాసి ఉండదు. కాబట్టి రాస్తాను. మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె. నాన్న కౌలు సేద్యం. థర్డ్ ఫారంతో నా చదువు అయిపోయింది. నెల్లూరులో జయరామయ్య పంతులుగారనే వకీలు దగ్గర పుస్తకాలు మోసే పనికి కుదిరాను. ఏ పుస్తకం ఎంత బరువో ముందు తెలిసింది, అందులో ఏముందో తర్వాత తెలిసింది. పంతులుగారికి వాదన మధ్యలో నశ్యం పీల్చే అలవాటు. ఆయన తుమ్మేదాకా జడ్జీ ఆగేవాడు. ఆ తుమ్ము లోపల నేను ఎదురుగా తెరిచిన పేజీ మొత్తం చదివేసేవాణ్ణి. అలా తుమ్ముకో పేజీ చొప్పున న్యాయశాస్త్రం చదివినవాణ్ణి నేను. సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష రెండు సార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. ఈ చిన్న టౌనుకి వచ్చి బోర్డు కట్టిన నాడు చూడ్డానికి వచ్చింది ఒక మేక. బోర్డుకి కట్టిన మామిడాకులు తిని పోయింది.

ఇప్పుడేమో బి.ఎల్.లు వచ్చారు. కొత్త చట్టం వచ్చిందట, ఇక అందరూ అడ్వొకేట్లేనట, ప్లీడర్లనే జాతి మా తరంతో సరి. పోనీ. కానీ పోయేలోగా ఒక్క కేసు, ఒక్క మంచి కేసు, ఈ పిల్లలు నోరు తెరిచి వినేలాంటిది వాదించి పోవాలని నాకు ఉండేది. తప్పేముంది? వాదించాను. విన్నారు.

6 ఫిబ్రవరి

లోకం ఉంది. వాయిదాలు ఉన్నాయి.

11 ఫిబ్రవరి, ఆదివారం

పాళెం వెళ్ళి వచ్చాను. ముత్యాలయ్యను వెంట తీసుకుపోయాను. కోట దాకా బస్సు, ఆ పైన బండి. బకింగ్‌హాం కాలువ పడవలో దాటి, అక్కడి నుంచి ఇసకలో నడక. నా వయసు మనిషి ఇసకలో నడవకూడదు. రెండడుగులు ముందుకి వేస్తే ఒకడుగు వెనక్కి పోతుంది. అప్పీలు లాంటి నడక.

పోలేరయ్య తాటాకు పాక కింద చిన్న వల బాగుచేసుకుంటున్నాడు. చుట్టూ పది మంది.

"రండయ్యా, కూసోండి. ఇసక మెత్తగా ఉంటది. దీనికి డిక్రీ అక్కర్లా."

నేను కూర్చోలేదు. "పోలేరయ్యా, ఇది నేరం. మనిషిని వెలివేస్తే ఏమవుతుందో తెలుసా?"

"ఎవురు ఎలేసినారయ్యా? ఇల్లు కూలదోసినామా? చెయ్యి చేసుకున్నామా? మాట్లాడలా, అంతే గదా. మాట్లాడమని మీ కోర్టు ఆర్డరిస్తే తెండి. మావోళ్ళు ఏం మాట్లాడాల్నో గూడా దాంట్లోనే రాపించుకోని రండి."

పాక కింద అందరూ నవ్వారు. ముత్యాలయ్య కూడా నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు.

"ఆమె పాలు ఎందుకు ఆపావు? అది అన్యాయం కాదా?"

పోలేరయ్య వల పక్కన పెట్టాడు. "అన్యాయమే అనుకోండి. మా అన్యాయం మాతో చెప్పబళ్ళా? అరిచి చెప్పబళ్ళా? నా ఇంటి ముందర కూసోని మన్నెత్తి పోసిందంటే రెండో దినం నేనే ఇచ్చుందును. అది కాకండా సర్కారు మెట్టెక్కింది. అయ్యా, రేపు ఉత్తరం పాళెమోళ్ళు మా నీళ్ళలో వలేస్తే నా మాటతోనే గదా ఆగేది? సముద్రం మింద గట్టుండాదా, రాయుండాదా? ఉండేది మాటొకటే. నా ఊరోళ్ళే నా మాట కోర్టులో పెట్టి కొట్టేయించినారంటే, అవతలోడు ఇంటాడా?"

దానికి నా దగ్గర సమాధానం ఉంది. చాలా మంచి సమాధానం. అది అక్కడ గుర్తు రాలేదు, పడవలో గుర్తొచ్చింది.

"సరే, దురాయి తియ్యాలంటే ఏం చెయ్యాలి?" అన్నాను.

"ఆ పిల్లకేం తెలుసు? మెట్టెక్కించినోళ్ళు నిలబడాల. ఈ పాక ముందర, నడుముకి తువాలు కట్టి, చెప్పుల్లేకండా. ఊరు అనేదంతా అంటది. వాళ్ళు నోరిప్పకూడదు. ఒక్క మాట బయటికొచ్చినా దురాయి ఉన్నట్టే."

నాకంటే ముందు ముత్యాలయ్య అందుకున్నాడు. "నోరిప్పకండానా? మా అయ్యగారా? పెద్దకాపూ, ఇంకేదన్నా శిక్ష చూడు నాయనా. జైలన్నా సరే."

తిరిగి వచ్చేటప్పుడు అంకాలమ్మ ఇంటి ముందు నుంచే వచ్చాం. ఆమె గడపలో నిలబడి ఉంది. ఊరంతా చూస్తోందని కాబోలు, నాతో కూడా పలకలేదు.

12 ఫిబ్రవరి

నేను పోను.

13 ఫిబ్రవరి

ఎందుకు పోనో కారణాలు రాసి పెట్టుకుంటే మంచిది. కోర్టు డిక్రీ సంపాదించిన ప్లీడరు కులం పంచాయతీ ముందు తువాలు కట్టి నిలబడితే కోర్టు మర్యాద ఏం కావాలి? రేపు ప్రతి ఊరూ ఇదే మొదలుపెడుతుంది. ఆ పైన, ఆమే కదా వచ్చింది నా దగ్గరికి, నేను ఆమె దగ్గరికి పోలేదు కదా.

ఈ ఆఖరి కారణం చెంచులక్ష్మికి పైకి చదివి వినిపించాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది.

"ఆ పిల్ల వచ్చింది ఎండు నెత్తళ్ళు అమ్ముకోవడానికి" అంది తల ఎత్తకుండా. "నేను బేరమాడుతున్నాను. మాటల్లో ఇంటి సంగతి చెప్పుకుంది. మీరు పేపరు పడేసి వచ్చి, 'మీ ఆయన అల్లిన ముక్క ఇంకా వలలో ఉందా?' అని అడిగారు. ఫీజు వద్దన్నారు. గంప కూడా మీరే దించారు."

ఆడవాళ్ళకి అనవసరమైన సంగతులు బాగా గుర్తుంటాయి.

14 ఫిబ్రవరి

పోను. ఈ సంగతి మళ్ళీ రాయను.

20 ఫిబ్రవరి

ఓట్ల జీపుల గోల. ఒక జీపు ఆవు దూడ మీదికి పోబోయి మా ప్రహరీకి కొట్టింది. డ్రైవరు దిగి నాకే దండం పెట్టి ఓటు అడిగాడు. అంకాలమ్మ వచ్చిందట, నేను కోర్టులో ఉన్నాను. చెంచులక్ష్మితో చాలాసేపు మాట్లాడి పోయిందట.

5 మార్చి, సోమవారం

నన్ను బార్ అసోసియేషన్‌కి ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. ఏకగ్రీవం. ఒక సెకండ్ గ్రేడ్ ప్లీడరుని! చేమంతుల దండ వేశారు. హెబ్రోను మాట్లాడుతూ, "మేము లా పుస్తకాల్లో చదువుకున్నాం, సార్ తుమ్ముల్లో చదువుకున్నారు" అన్నాడు. ఆ కథ అందరికీ ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. అలివి వల డిక్రీ ఈ కోర్టుకే అలంకారమని ఒక పెద్దాయన అన్నాడు.

కాఫీ తాగుతూ హెబ్రోను మెల్లగా అడిగాడు: "ఆవిడ ఎలా ఉంది సార్?"

"ఎవరు?"

"అంకాలమ్మ."

"ఆవిడకేం, బాగుంది" అన్నాను.

దండ ఇంటికి తెచ్చాను. చెంచులక్ష్మి తీసుకుని దేవుడికి వేసింది. నాకు మళ్ళీ ఇవ్వలేదు.

17 మార్చి, శనివారం

కోర్టు నుంచి వచ్చేసరికి అంకాలమ్మ వరండాలో ఉంది. ఈసారి గంప లేదు. బట్టల మూట ఉంది. మద్రాసు పోతుందట, సాయంత్రం రైలుకి. చెప్పి పోదామని వచ్చిందట.

"అక్కడ ఎవరున్నారమ్మా నీకు?"

"ఎవురూ లేరయ్యా. మాట్లాడేవాళ్ళుంటారు గదా."

నేను కుర్చీలో కూర్చున్నాను. చొక్కా విప్పలేదు.

"మీ అత్త?"

"నిన్న ఆమెకి జొరమొచ్చింది. నీళ్ళు కావాలని కోడితో చెప్పింది. ఇచ్చినా. తాగి గోడ పక్కకి తిరిగి ఏడిసింది. ఆమెకి నా మింద కోపం లేదయ్యా. నాకంటే ఆమెకే కష్టంగా ఉండాది. ఎదురుంగా ఉండే మనిషిని పలకరించకండా ఎన్నాళ్ళుంటది ముసలామె? నేను పోతే ఆమెతో చుట్టుపక్కలోళ్ళన్నా వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారు."

"డిక్రీ ఉందమ్మా. పై కోర్టులో..."

"మీరు బో కష్టపడినారయ్యా" అంది. నన్ను ఓదారుస్తోంది! "మాల్యాద్రి ముక్క గురించి మీరు చెప్పిన మాట ఇప్పుటికీ తలుచుకుంటా. బాగా చెప్పినారు."

నేను లోపలికి వెళ్ళి నీళ్ళు తాగాను. బావి దాకా వెళ్ళి ఊరికే వచ్చాను. తిరిగి వచ్చేసరికి మూట చెంచులక్ష్మి ఒళ్ళో ఉంది, చుట్టూ రెండు చేతులు వేసి పట్టుకుని ఉంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. నా వైపే చూస్తోంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఏమీ అనకుండా ఉన్న సందర్భాలంటే నాకు భయం.

"రేపు ఆదివారం" అన్నాను. "పొద్దున కోట బస్సుకి ముగ్గురం పోదాం. ముత్యాలయ్యని రమ్మని చెప్పాలి."

అంకాలమ్మకి అర్థం కాలేదు. చెంచులక్ష్మి లేచి, నా ఉతికిన తువాలు వెతకడానికి లోపలికి పోయింది.

18 మార్చి, ఆదివారం. ఇసకతిప్పపాళెం

ముత్యాలయ్య ఎక్కడో కాగితం సంపాదించాడు. బస్సెక్కే హడావిడిలో డైరీ తేలేదు, ఇంటికి పోయాక అతికించుకుంటాను.

మధ్యాహ్నం పాక ముందు ఊరంతా కూడింది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. అంకాలమ్మ దూరంగా ఎండలో నిలబడింది. కండువా తీసేశాను, చెప్పులు విడిచాను, తువాలు నడుముకి కట్టాను. ఇసక కాలుతోంది. ముత్యాలయ్య నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాడి మొహం చూడలేకపోయాను.

ఊరు మొదలుపెట్టింది.

తిట్లకి నేను సిద్ధపడే పోయాను. తిట్లు పెద్ద కష్టం కాదు, నలభై ఏళ్ళుగా కోర్టు వరండాల్లో తిరుగుతున్నవాణ్ణి. కష్టమంతా తప్పుడు మాటలు వినడం. ఒకడు లేచి నేను అంకాలమ్మ దగ్గర ఫీజుగా ముక్కుపుడక తీసుకున్నానన్నాడు. నేను దమ్మిడీ ముట్టలేదు! నాలుక పైకి లేచింది, పళ్ళ మధ్య పెట్టి కొరికాను. ఇంకొకడు, మున్సిఫ్‌గారు మా మేనల్లుడన్నాడు. ఆయన ఏ జిల్లా వాడో కూడా నాకు తెలియదు. ఒక ముసలాయన, దావా నెల్లూరులో జరిగిందన్నాడు. చూడండి, జరిగిన చోటు కూడా తప్పే! ఎవరికీ ఏ నష్టమూ లేని ఆ చిన్న తప్పు దగ్గర నేను దాదాపు ఓడిపోయాను. "కాదయ్యా" అనే మాట గొంతు దాటి నోట్లోకి వచ్చేసింది. ఎండలో ఉన్న అంకాలమ్మ కనిపించింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, నా నోరే మూస్తున్నట్టు నిలబడి ఉంది. మింగాను.

ఒక ఆడమనిషి అన్న మాట మాత్రం తప్పు కాదు. "ఈయన గెలిచి ఇంటికి పోయినాడు, ఇది గెలిచి యాడికి పోవాల?" అంది.

అందరూ అయ్యాక పోలేరయ్య లేచాడు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నిలబడినాడు" అన్నాడు ఊరితో. "నేననుకోలా."

తర్వాత గొంతు సవరించుకున్నాడు. "పాలు ఊరిస్తది. కోర్టు ఇచ్చిందని కాదు, ఊరిస్తది. రేపు పెద్ద వల దించుతాం. దించే దినం తాడు మింద ఏ ఇంటి చెయ్యి పడతదో ఆ ఇంటికి యేడాది పొడుగునా పాలు. అది మన లెక్క. ఒక చెయ్యి రెండిళ్ళకి పట్టకూడదు, అదీ మన లెక్కే. మాల్యాద్రి ఇంటికి ఎవురి చెయ్యి?"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఇష్టం లేక కాదు. ప్రతి మగవాడికీ ఒక ఇల్లు ఉంది, ప్రతి చేతికీ ఒక పాలు ఉంది. పోలేరయ్య అటూ ఇటూ చూశాడు. ఆయన మొహం చూస్తే, ఇక్కడ ఇలా ఆగిపోతుందని ఆయన కూడా అనుకోలేదని తెలుస్తోంది.

నాకు ఎన్నో వాదనలు తోచాయి. ఆడమనిషి తాడు ఎందుకు పట్టకూడదు? కూలికి మనిషిని పెట్టుకోకూడదా? అన్నీ మంచివే. నోరు తెరవడానికి లేదు.

చెయ్యి ఎత్తాను.

ముందు ఒక పిల్ల నవ్వింది. తర్వాత ఆడవాళ్ళంతా. ఆ తర్వాత ఊరు మొత్తం పడీ పడీ నవ్వింది. పోలేరయ్య భుజం మీది గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.

"అయ్యా, మీదా?"

తల ఊపాను.

"తాడు లాగినారా ఎప్పుడన్నా?"

అడ్డంగా ఊపాను.

"బరువుంటది."

చెయ్యి దించలేదు.

"దురాయి తీసేసినాం!" అని పోలేరయ్య సముద్రం వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

అయితే ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఇన్నాళ్ళు మూసుకున్న నోళ్ళు ముందుగా ఎవరు తెరవాలి? అందరూ అంకాలమ్మనే చూస్తున్నారు. ఆడవాళ్ళ మధ్యలోంచి ముసలి మస్తానమ్మ కర్ర పట్టుకుని లేచింది. నాలుగడుగులు నడిచింది, ఆగింది.

"ఏమే, పొయ్యి ఆర్పి వచ్చినావా లేదా?"

"నేనిప్పుడే గదత్తా పడవ దిగింది. పొయ్యి నువ్వు గదా ముట్టించుకున్నావు!"

"నేనెందుకు ముట్టిస్తా, జొరం మనిషిని!"

అలా వాదించుకుంటూ ఇద్దరూ ఇంటి వైపు పోయారు. మాకు భోజనం పెట్టాలని అంకాలమ్మకి గుర్తు వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

రేపు నా కేసులకి వాయిదా కోరమని హెబ్రోనుకి ముత్యాలయ్య చేత కబురు పంపాను. కారణం ఏం చెప్పమంటారని ముత్యాలయ్య అడిగాడు. ఉన్నది చెప్పమన్నాను. వాడు "అట్టాగే చెబతా అయ్యా" అని, చెప్పులు నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళాడు.

20 మార్చి, మంగళవారం. ఇల్లు

వేళ్ళు ముడవడం లేదు. అక్షరాలు కోడి గీసినట్టు ఉన్నాయి. ప్రెసిడెంటుగారు తాడు లాగిన సంగతి అసోసియేషన్‌కి నాకంటే ముందే చేరింది. ఇద్దరు పెద్దలు నాతో పలకలేదు. హెబ్రోను మాత్రం నా అరచేతులు అటూ ఇటూ తిప్పి చూసి, తన రుమాలు నీళ్ళలో తడిపి తెచ్చి కట్టాడు. డిక్రీ ప్రకారం పాలు ముట్టినట్టు కోర్టులో చెప్పేద్దాం సార్ అన్నాడు. చెప్పేద్దామన్నాను.

నిన్నటి సంగతి రాయాలి.

తెల్లవారేసరికి పడవ వలని పరిచి వచ్చింది. దక్షిణం తాడు దగ్గర నన్ను నిలబెట్టారు, ముందొకడు, వెనకొకడు. పాట అందుకున్నారు. నేను ఒక్క పట్టు ఆలస్యంగా లాగుతున్నాను, వెనకవాడి మోకాలు నా వీపుకి తగులుతోంది. "అయ్యా, పాటతో లాగండి, నోటితో కాదు" అన్నాడు వాడు. ఇసకలో మడమలు దిగిపోతున్నాయి. తాడు తడి, ఉప్పు, మంట. ఎంతసేపు లాగానో చెప్పలేను. కళ్ళు మూసుకుని లాగాను. ఒక చోట పడ్డాను కూడా. ఎవరూ లేవనెత్తలేదు, పాట ఆపకుండానే నా పైనుంచి దాటి లాగారు. నేనే లేచి మళ్ళీ పట్టుకున్నాను.

వల ఒడ్డు చేరేసరికి పెద్దగా ఏమీ లేదు. నెత్తళ్ళు, కాసిని వంజరాలు, బోలెడు పీతలు. పోలేరయ్య ఇసకలో కుప్పలు పోయించాడు. ఒక్కో ఇంటి పేరు పిలుస్తున్నాడు, ఒక్కో ఆడమనిషి గంపతో వస్తోంది.

"మాల్యాద్రి ఇల్లు!"

అంకాలమ్మ వచ్చింది. గంప దించి కుప్ప వైపు వంగి చూసింది. నడుము మీద చెయ్యి వేసుకుంది.

"ఏంది పెద్దకాపూ, ఇది పాలా? అవతల కుప్పలో వంజరం ఏసినావు, నా కుప్పలో అన్నీ పీతలేనా?"

"ఓయమ్మా, నిన్నటి దాకా పీత గూడా లేదు గదమే నీకు!"

"నిన్న సంగతి నిన్న. ఇయ్యాళ మా ఇంటి చెయ్యి పడింది, అందరి మాదిరి నాకూ ఎయ్యి!"

"ఆ చెయ్యి లాగిన లాగుడికి పీతలే ఎక్కువ!"

ఊరు నవ్వింది. ఆమె వదల్లేదు. ఆయన కూడా వదల్లేదు. పక్కవాళ్ళు అటు కొందరు, ఇటు కొందరు చేరారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది న్యాయంగా తేలవలసిన విషయమే కదా, కుప్పల్ని కళ్ళతో చూశాను కూడా. బొబ్బలెక్కిన చెయ్యి ఎత్తి, "చూడు పోలేరయ్యా, సమానమైన పాలు అంటే..." అని మొదలుపెట్టాను.

అంకాలమ్మ నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"మీరుండండయ్యా" అంది. "నేను మాట్లాడతా ఉండా గదా."